దశమభాగం గ్రాస్ మీదా, నెట్ మీదా?

మొదటి జీతం అందుకున్నప్పుడు నాకొచ్చిన పెద్ద ధర్మసందేహం ఇది. దశమభాగం గ్రాస్ మీద లెక్కెయ్యాలా, చేతికొచ్చిన నెట్ మీదా? పీఎఫ్ తీసేసి లెక్కెయ్యొచ్చా? నవ్వకండి, ఐటీలో ఉన్న క్రైస్తవ మిత్రుల్లో చాలామందికి ఈ డౌటు వచ్చే ఉంటుంది. నేనైతే ఎక్సెల్లో ఫార్ములా పెట్టుకుని, రూపాయి తేడా లేకుండా కట్టేవాణ్ణి. అవును, "కట్టేవాణ్ణి". కరెంటు బిల్లు కట్టినట్టే.

ఇలా ఉండగా మా సంఘంలో కొత్త మందిరానికి చందాలు మొదలయ్యాయి. ఓ ఆదివారం పేర్లు, అంకెలు మైకులో చదివారు. పక్కనున్నాయన ఇరవై వేలు అనగానే నేను పాతిక అనేశాను. ఇంటికొచ్చేదాకా ఒకటే గుంజాటన. నేనిచ్చింది దేవుడికా, మైకుకా?

ఆ రాత్రి పౌలు కొరింథీయులకు రాసిన రెండో పత్రిక తీశాను. 8, 9 అధ్యాయాలు చందాల గురించే. యెరూషలేములోని పేద విశ్వాసుల కోసం వసూలు చేస్తున్నాడాయన. మాసిదోనియ సంఘాలు కటిక పేదరికంలో ఉండి కూడా మాకూ అవకాశం ఇమ్మని బతిమాలాయట. కొరింథు వాళ్ళేమో ఏడాది కిందట మొదలుపెట్టి పూర్తిచెయ్యలేదు. పౌలు కూడా ఒకరిని చూపించి ఇంకొకర్ని కాస్త పొడిచాడు, కాదనను. కానీ ఇది ఆజ్ఞ కాదనీ, ఉన్నదాన్ని బట్టే ఇమ్మనీ, ఎవరి మనసులో వాళ్ళే నిర్ణయించుకోమనీ, బలవంతంగా వద్దనీ స్పష్టంగా రాశాడు. ఆ రెండు అధ్యాయాల్లో పదోవంతు ప్రస్తావనే లేదు!

అయితే సంతోషం వచ్చినప్పుడే ఇద్దామని కూర్చుంటే పర్సు ఎప్పటికీ తెరుచుకోదు కదా? నిజమే. అదే పౌలు మొదటి పత్రిక 16వ అధ్యాయంలో ప్రతి ఆదివారం కొంత పక్కన పెట్టమన్నాడు. అంటే సంతోషానికి శత్రువు పద్ధతి కాదు, బలవంతం.

ఇది మా అమ్మకి ముందే తెలుసు. ఎసట్లో బియ్యం పోసేముందు ఓ పిడికెడు తీసి వేరే డబ్బాలో వేసేది. మిజోరంలో సంఘాల స్త్రీలు 1910 నుంచీ చేస్తున్న పనే ఇది. నెలాఖరులో మా ఇంట్లో బియ్యం అడుగంటితే అమ్మ పిడికిలి చిన్నదయ్యేది గానీ ఆగేది కాదు. ఆ బియ్యం మా వీధి చివర ఒంటరిగా ఉండే ముసలామెకి వెళ్ళేవి. అవి ఎవరి కడుపులోకి వెళ్తాయో అమ్మకి తెలుసు. అందుకే ఆ పని చేసేటప్పుడు అమ్మ మొహంలో విసుగు నేనెప్పుడూ చూడలేదు.

మాటిచ్చాను కాబట్టి పాతిక వేలూ ఇచ్చేశాను. తర్వాత కమిటీ పెద్దాయన్ని కలిసి, "మైకులో చదవడం మానేద్దామండీ" అన్నాను. "మైకు లేకపోతే డబ్బులు రావు తమ్ముడూ" అన్నారు. రాకపోవచ్చు. మందిరం ఇంకో రెండేళ్ళు ఆలస్యం కావచ్చు. నా మట్టుకు నాకు అదే నయమనిపిస్తుంది. సిగ్గుపడి ఇచ్చిన డబ్బుతో గోడలు లేస్తాయి, నిజమే. కానీ ఇచ్చినవాడు మళ్ళీ గుమ్మం తొక్కడానికి భయపడతాడు.

ఇప్పుడు జీతం పడగానే కొంత వేరే ఖాతాలోకి వేస్తున్నాను. అందులోంచే సంఘానికీ, ఊళ్ళో ఒక కుర్రాడి కాలేజీ ఫీజుకీ ఇస్తున్నాను. ఎక్సెల్లో ఆ ఫార్ములా తీసేశాను. పది శాతం దాటిందో, తగ్గిందో చూసుకోవట్లేదు. ఇంతకీ గ్రాసా, నెట్టా అంటారా? మనసులో లెక్క తేలితే ఆ ప్రశ్నే రాదండీ.