ఆడవాళ్ళ గుండెనొప్పికి గ్యాస్ మాత్ర వైద్యమా?

మద్దతు ధర, మురుగు కాలువల పూడిక, కొబ్బరి రేటు గురించి రాయాల్సిన చోట ఈ నెల గుండెజబ్బు గురించి రాస్తున్నాం. కారణం ఉంది. ఊడ్పుకు వంగేది, కలుపు తీసేది, పీచు మిల్లులో దుమ్ము మింగేది, షెడ్డులో రొయ్యలు వలిచేది ఎక్కువగా ఆడవాళ్ళే. పాసు పుస్తకంలో పేరు ఉండదు కాబట్టి వాళ్ళు రైతుల లెక్కలోకి రారు. గుండెజబ్బు అనుమానించాల్సిన మనుషుల లెక్కలోకి కూడా రావడం లేదు. అసలు బాధ ఇదే.

గుండెపోటు పట్నం జబ్బనీ, కూర్చుని తినేవాళ్ళ జబ్బనీ మనలో ఇంకా ఒక నమ్మకం ఉంది. ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో 2003-04లో ఒక సర్వే జరిగింది. ఏడాదిపాటు జరిగిన ప్రతి చావుకూ కారణం ఏమిటో ఇంటింటికీ వెళ్ళి అడిగి రాశారు. మొత్తం 1,354 మరణాలు. అందులో నూటికి 32 గుండె, రక్తనాళాల జబ్బుల వల్లే. అంటే గుండెపోటు, పక్షవాతం లాంటివి. ప్రమాదాలు, గాయాల వంటి వాటి వల్ల నూటికి 13, అంటురోగాల వల్ల 12. ఇవి మన పక్క ఊళ్ళ లెక్కలు, అదీ ఇరవై ఏళ్ళ కిందటివి. ప్రపంచం మొత్తం మీద చూసినా 2019లో చనిపోయిన ఆడవాళ్ళలో మూడో వంతు మందికి పైగా ఈ జబ్బులతోనే పోయారు.

మరి మన ఊళ్ళో ఏం జరుగుతోంది? మగాయన గుండె పట్టుకుని కూలబడితే వెంటనే బండి కట్టించి అమలాపురం తీసుకుపోతాం. అదే ఇల్లాలు "ఆయాసంగా ఉందయ్యా, జబ్బ లాగేస్తోంది, వీపు పట్టేసింది, వాంతి వచ్చేట్టుంది" అంటే ముందు వచ్చే మాట "గ్యాస్". ఆవిడా అదే అంటుంది, ఇంట్లోవాళ్ళూ అదే అంటారు, వచ్చిన ఆర్ఎంపీ డాక్టరూ అదే అంటాడు. ఒక గ్యాస్ ఇంజెక్షను, ఒక సెలైన్ సీసా, రెండు రోజుల మాత్రలు. ఆ రెండు రోజుల్లోనే అంతా అయిపోతుంది.

గుండెపోటులో ఆడవాళ్ళకు కూడా ఛాతీలో నొప్పి, బరువు రావడమే ఎక్కువ. అయితే దానితోపాటు దవడ, మెడ, వీపు లాగడం, ఆయాసం, వికారం, చెమటలు, ఎన్నడూ లేని నిస్సత్తువ మగవాళ్ళలో కంటే ఎక్కువగా కనిపిస్తాయి. ఒక్కోసారి ఛాతీనొప్పి లేకుండానే ఇవి వస్తాయి. వైద్యం చేసేవాడి చెవికి ఛాతీనొప్పి ఒక్కటే గుండెజబ్బులా వినిపిస్తే మిగతావన్నీ గ్యాస్ అయిపోతాయి.

ఇది మన ఆర్ఎంపీలను తిట్టడానికి రాస్తున్నది కాదు. అమెరికాలో 2005లో 500 మంది డాక్టర్లను అడిగితే, అక్కడ ఏటా గుండె, రక్తనాళాల జబ్బులతో చనిపోయేవాళ్ళలో మగవాళ్ళ కంటే ఆడవాళ్ళే ఎక్కువన్న సంగతి ఐదుగురిలో ఒక్కరికి కూడా తెలియలేదు. పెద్ద చదువులు చదివినవాళ్ళ సంగతే అది. గుండె మందుల పరీక్షలు చాలాకాలం ఎక్కువగా మగవాళ్ళ మీదే జరిగాయి, పాఠాలూ అలాగే తయారయ్యాయి. నేర్పనిది ఎవరికైనా ఎలా వస్తుంది?

నేర్పాల్సింది లక్షణాలు ఒక్కటే కాదు. మనం గుర్రపువాతం అంటామే, కాన్పు సమయంలో బీపీ పెరగడం, అది వచ్చిన ఆడమనిషికి తరువాతి కాలంలో గుండెజబ్బు వచ్చే అవకాశం సుమారు రెట్టింపు. కడుపుతో ఉన్నప్పుడు షుగరు వచ్చినవాళ్ళకూ ముప్పు ఎక్కువే. కాన్పు అయ్యేదాకా ఏఎన్ఎం వారం వారం వెంటపడి బీపీ చూస్తుంది. బిడ్డకు టీకాలు పూర్తయ్యాక ఆ కార్డు అటక ఎక్కుతుంది. ఆవిడకు నలభై ఐదేళ్ళు వచ్చి ఆయాసం అంటే, నీ కాన్పులో బీపీ వచ్చిందా అని అడిగే నాథుడు ఉండడు.

గర్భసంచి ఆపరేషన్ల సంగతి ఇంకా ఘోరం. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఈ ఆపరేషన్లు దేశంలో అందరికంటే ఎక్కువగా జరిగింది మన ఆంధ్రప్రదేశ్‌లోనే. 15 నుంచి 49 ఏళ్ళ లోపు ఆడవాళ్ళలో నూటికి సుమారు 9 మంది. తెల్లబట్ట అనో, నడుంనొప్పి అనో చెబితే ముప్పై అయిదేళ్ళకే తీసేసిన కేసులు ఎన్నో. దానితోపాటు అండాశయాలు కూడా తీసేస్తే ముట్టు ఆగాక రావాల్సిన గుండె ముప్పు పదేళ్ళు, పదిహేనేళ్ళు ముందే మొదలవుతుంది. ఆపరేషన్‌కు డబ్బు కట్టించుకున్నవాళ్ళు ఈ మాట చెప్పి పంపాలి కదా!

పల్లె వైద్యులకు నేర్పితే వస్తుందా అంటే కొంత వస్తుంది. పశ్చిమ బెంగాల్‌లోని బీర్భూం జిల్లాలో ఆర్ఎంపీల్లాంటి వాళ్ళకే తొమ్మిది నెలలు తరగతులు పెట్టారు. ఛాతీనొప్పి వచ్చినట్టు నటించే మనుషులను పంపి మరీ పరీక్షించారు. సరైన వైద్యం కొంత పెరిగింది, అనవసరపు మందులు మాత్రం తగ్గలేదు. మన పశ్చిమ గోదావరిలో 54 గ్రామాల ఆశా కార్యకర్తలకు టాబ్లెట్ కంప్యూటర్లు ఇచ్చి, గుండె ముప్పు ఎవరికుందో లెక్కగట్టడం నేర్పారు. డాక్టరు దగ్గరకు వెళ్ళేవాళ్ళు పెరిగారు గానీ బీపీ అదుపు అనుకున్నంత మెరుగుపడలేదు. కాబట్టి శిక్షణ ఇచ్చి ఫొటో దిగి వెళ్ళిపోతే చాలదు. డాక్టరు ఉండాలి, బీపీ మాత్రలు నెలనెలా అందాలి.

జిల్లా వైద్య ఆరోగ్య శాఖను మేం అడుగుతున్నవి పెద్ద కోరికలేం కావు. ఛాతీనొప్పి, ఆయాసం అంటూ వచ్చిన మనిషికి పది నిమిషాల్లో ఈసీజీ తీయాలన్నది ప్రపంచమంతటా ఉన్న నియమం. ఉప్పలగుప్తం మండలంలో ఆ పని పగలే కాదు, రాత్రి కూడా జరగాలి. మిషను ఉంటే సరిపోదు, కాగితం రోలు ఉండాలి, తీసే మనిషి ఉండాలి. గడ్డ కరిగించే ఇంజెక్షను ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా ఇస్తున్నారు, బయట దాని ఖరీదు నలభై వేల పైమాటే. నొప్పి మొదలైన తొలి గంటల్లోనే దాని ఫలితం ఎక్కువ. మన ఆడవాళ్ళు ఆ గంటలన్నీ గ్యాస్ మాత్రకు ఖర్చు పెట్టేసి, తరువాత ఎదుర్లంక వంతెన దాటి కాకినాడ పోతున్నారు. ఆశాల నెలవారీ సమావేశంలో ఒక గంట దీనికి ఇవ్వాలి. గ్రామ క్లినిక్‌లో ముప్పై దాటిన ప్రతి ఆడమనిషి కార్డు మీద కాన్పులో బీపీ, షుగరు, గర్భసంచి ఆపరేషన్ వివరాలు రాయాలి.

ఆర్ఎంపీలతో మేమే మాట్లాడతాం. వాళ్ళను ఊళ్ళోంచి వెళ్ళగొట్టాలన్న వాదన మాది కాదు, అర్ధరాత్రి తలుపు తీసేది వాళ్ళే. నలభై దాటిన ఆడమనిషి ఆయాసం, జబ్బ లాగడం, చెమటలు అని చెబితే గ్యాస్ ఇంజెక్షను ఎత్తకముందే 108కి ఫోను చేయండి అని మాత్రమే అడుగుతాం. ఈ నెల మండల సమావేశానికి వాళ్ళనూ, పీహెచ్‌సీ డాక్టరు గారినీ పిలుస్తున్నాం. బీపీ మిషను పెడతాం. ఊడ్పులున్నా సరే, సభ్యులు ఇంట్లో ఆడవాళ్ళను వెంటబెట్టుకు రావాలి. అటక మీద పాత కాన్పు కార్డు ఉంటే అది కూడా తెండి.