పొలం వాళ్ళది, దారి మనది

"ఏరా, ఎవరి పొలం ఇది? అడక్కుండా ఇట్టా అడ్డంగా పడి పోతన్నాం, ఎవడన్నా వచ్చి కేకలేస్తే?"

పోయిన మే నెల మొదటి వారంలో, లండన్‌కి వాయవ్యాన ఉన్న గ్రేట్ మిసెండెన్ అనే ఊరు దాటిన కాసేపటికి మా నాన్న వేసిన ప్రశ్న ఇది. మా ముందు నడుమెత్తు పసుపుపచ్చటి చేను. రేప్‌సీడ్ అంటారు, మన ఆవాలకి దగ్గర చుట్టం, నూనె తీస్తారు. ఆ చేను మధ్యలోంచి పాపిడి తీసినట్టు ఓ సన్నటి దారి. దారి మొదట్లో ఓ కొయ్య, దానిమీద చిన్న పసుపు బాణం.

"ఎవరిదో నాకూ తెలీదు నాన్నా. కానీ ఎవరూ ఏమీ అనరు. పొలం వాళ్ళది, దారి మనది" అన్నాను. ఆయన నమ్మలేదు. నిజం చెప్పొద్దూ, ఈ దేశం వచ్చిన మొదటి మూడు నాలుగేళ్ళు నేనూ నమ్మలేదు.

అప్పట్లో నాకు వారాంతం అంటే ఇండియన్ కొట్టు, పప్పులు, ఎవరో ఒకరి పిల్లల పుట్టినరోజు. పల్లెటూరంటే మోటార్‌వే మీద పోతుంటే కిటికీలోంచి కనపడే పచ్చరంగు. ఒకసారి ధైర్యం చేసి ఓ కాలిబాట పట్టుకుని పోతే అది తిన్నగా ఒకాయన ఇంటికీ, పశువుల కొట్టానికీ మధ్యలోంచి వెళ్తోంది. బాణం గుర్తుంది. అయినా గేటు దగ్గర పది నిమిషాలు నిలబడి వెనక్కొచ్చేశాను. నా రంగు మనిషి ఒకడు వీపున సంచీ తగిలించుకుని పెరట్లోంచి నడిచొస్తే ఆ ఇంట్లోవాళ్ళు ఏమనుకుంటారు? మర్నాడు ఆఫీసులో ఒక పెద్దాయనకి చెప్పాను, నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "మ్యాపులో ఉందా? ఉంటే వెళ్ళాలి. నువ్వు వెళ్ళకపోతే రేపు ఇంకొకరు కూడా ఆ గేటు దగ్గరే ఆగిపోతారు" అన్నాడు.

ఆ మ్యాపు మీరూ ఒకటి కొనుక్కోండి. ఆర్డ్‌నెన్స్ సర్వే వాళ్ళ ఎక్స్‌ప్లోరర్ పటం, నారింజరంగు అట్ట. నేల మీద కిలోమీటరు అందులో నాలుగు సెంటీమీటర్లు. పొట్టి పొట్టి ఆకుపచ్చ గీతలు కాలిబాటలు, పొడుగు గీతలు గుర్రాలకీ సైకిళ్ళకీ కూడా. ఇంగ్లండు, వేల్స్ కలిపి ఇలాంటి దారులు సుమారు 1,40,000 మైళ్ళున్నాయి. టిక్కెట్టు లేదు, వేళలు లేవు, పాసులు లేవు. ఐదు మైళ్ళ నడకకి రెండున్నర గంటలు చాలు, బురదకి ఓర్చుకునే బూట్లుంటే ఇంకేమీ అక్కర్లేదు.

ఇదంతా ఏ దొరగారో దయతలచి ఇచ్చింది కాదు. చాలా బాటలు చర్చికీ, పిండిమరకీ, సంతకీ, పక్కూరికీ జనం తరాల తరబడి నడిస్తే పడ్డవి. కొండలమీద తిరగడానికైతే జైలుకే వెళ్ళారు. 1932 ఏప్రిల్ 24న వందలమంది కుర్రాళ్ళు, ఎక్కువమంది మాంచెస్టర్ చుట్టుపక్కల పనివాళ్ళు, వేటపక్షుల కోసం భూస్వాములు మూసిపెట్టుకున్న కిండర్ స్కౌట్ కొండ ఎక్కారు. ముందు నడిచిన బెన్నీ రోత్‌మన్‌కి ఇరవై ఏళ్ళు. ఐదుగురికి జైలుశిక్ష పడింది. 17 ఏళ్ళ తర్వాత 1949లో వచ్చిన చట్టం, కౌంటీ కౌన్సిళ్ళ చేత దారులన్నిటికీ పటాలు గీయించడం మొదలుపెట్టించింది. ఆ పటంలోకి ఎక్కిన దారి, నడిచేవాళ్ళు తగ్గారని రద్దయిపోదు. మూయాలంటే చట్టప్రకారం ఉత్తర్వు కావాలి.

నాన్నకి మాత్రం ఈ చరిత్ర పట్టలేదు. ఆయనకి కావలసింది చేను సంగతి. "పంట నడిమధ్యన ఇంత జాగా వదిలాడే, నష్టం కదూ?" అన్నారు. వదలక తప్పదని చెప్పాను. పొలం మధ్య బాటని రైతు దున్నుకోవచ్చు. కానీ విత్తడం కోసం దున్నితే 14 రోజుల్లో మళ్ళీ దారి వెయ్యాలి, కనీసం మీటరు వెడల్పుండాలి, పైరు దానిమీదికి రాకూడదు. గట్టు వెంట పోయే కాలిబాటనైతే అసలు దున్నకూడదు. నాన్న ఆగి, దారికి అడ్డంగా అడుగు పక్కన అడుగు వేసి కొలిచారు. మూడడుగులకి పైనే వచ్చింది. వంగి ఓ చెకుముకి రాయి ఏరి జేబులో వేసుకున్నారు. ఆ సుద్దనేలల నిండా అవే రాళ్ళు.

అక్కణ్ణించి మిస్‌బోర్న్ వాగు పక్కనే లిటిల్ మిసెండెన్ దాకా నడక. దారిలో కిస్సింగ్ గేట్లొస్తాయి. పేరు విని కంగారు పడకండి, తలుపు అటొకసారి ఇటొకసారి కంచెకి తగులుతుంది, అదే ముద్దు. మనిషి మెలికపడి దాటతాడు, ఆవు దాటలేదు. పైన ఎర్రగద్దలు తిరుగుతుంటాయి. ఈ ప్రాంతంలో పూర్తిగా మాయమైపోతే 1989 నుంచి స్పెయిన్ గద్దల్ని తెచ్చి వదిలారు, ఇప్పుడు తలెత్తితే అవే. ఆవుల మందలోంచి పోవాల్సొస్తే నాన్నే ముందు నడిచారు, ఆ విషయంలో ఆయన నాకు గైడు.

లిటిల్ మిసెండెన్ చర్చిలో గోడమీద మధ్యయుగాల నాటి బొమ్మ ఒకటుంది. పసివాణ్ణి భుజాన ఎత్తుకుని ఏరు దాటుతున్న మనిషి. సెయింట్ క్రిస్టఫర్, బాటసారుల్ని కాపాడే దేవుడు. నాన్న కాసేపు చూసి "వసుదేవుడు కదరా" అన్నారు. బయటికొచ్చి బెంచీమీద కూచుని పులిహోర పొట్లాలు విప్పాం. అప్పుడు చెప్పారు.

"మన పెద్దడొంక గుర్తుందా? రెండు బళ్ళు ఎదురైతే తప్పుకునేంత వెడల్పుండేది. ఇప్పుడు సైకిలు కూడా పోదు. అటువాళ్ళు రెండు చాళ్ళు, ఇటువాళ్ళు రెండు చాళ్ళు. మనమూ కలుపుకున్నాం. మీ తాత కాదు, నేనే. పక్కవాడు కలుపుకుంటుంటే ఊరుకోలేకపోయా. ఇవాళ కాలనీవాళ్ళు శవాన్ని మోసుకుని గట్లమీద పడి పోతన్నారు."

కాలనీ అంటే మా ఊళ్ళో దళితవాడ. వాళ్ళ శ్మశానం డొంక చివర, కాలవ దాటాక ఉంటుంది. డొంక చిక్కిపోయిందని నాకు తెలుసు, సెలవులకి వెళ్ళినప్పుడల్లా చూస్తూనే ఉన్నాను. అందులో మా చాళ్ళెన్నని ఏనాడూ అడగలేదు. ఆ చాళ్ళమీద పండిన గింజలు కూడా నా చదువులోకి వచ్చే ఉంటాయి.

మా డొంక కూడా రెవెన్యూ పటంలో పోరంబోకుగా, ఇక్కడి ఆకుపచ్చ గీతంత స్పష్టంగానే ఉంది. కాబట్టి ఇంగ్లీషువాళ్ళు మనకంటే నీతిమంతులని నేననను. ఇక్కడి రైతుల్లోనూ దారిని దున్నేసేవాళ్ళున్నారు, గేటుకి తాళం వేసేవాళ్ళున్నారు, 'కుక్క ఉంది జాగ్రత్త' అని లేని కుక్కకి బోర్డు పెట్టేవాళ్ళున్నారు. హక్కు కూడా గీత వరకే. గీత వదిలి స్వేచ్ఛగా తిరగనిచ్చే 2000 నాటి చట్టం ఇంగ్లండు నేలలో 8 శాతానికే వర్తిస్తుంది. ఆ విషయంలో 2003లో చట్టం చేసుకున్న స్కాట్లండు చాలా నయం. తేడా అల్లా, ఇక్కడ ఎవరో ఒకరు పటం చేత్తో పట్టుకుని ఆదివారంపూట నడుస్తుంటారు, అడ్డు కనబడితే కౌన్సిలుకి రాస్తారు. మా ఊళ్ళో ట్రాక్టర్లూ మోటారు సైకిళ్ళూ వచ్చాక రోడ్డు పక్క పొలాలున్నవాళ్ళకి డొంకతో పని లేకపోయింది. పని ఉన్నవాళ్ళ మాట వినేవాడు లేకపోయాడు. దారి పోవడానికి ఆ రెండూ చాలు.

అందుకే నా మాట. ఇక్కడున్న మనం ఈ బాటల్ని తెల్లవాళ్ళ ముసలి జంటల కాలక్షేపం అనుకుని వదిలెయ్యకూడదు. మనం పన్ను కట్టే కౌన్సిలే వీటిని చూడాలి. బాట మూసుకుపోతే ఫిర్యాదు చెయ్యండి. నేను ఒకసారి పడిపోయిన చెట్టు గురించి రాస్తే మూడు నెలలు పట్టింది, కానీ తీశారు. పటంలోకి ఎక్కని పాత దారులూ ఉన్నాయి. వాటి నమోదుకి పెట్టిన గడువు మొదట 2026, తర్వాత 2031 అయింది, దాన్ని ఎత్తేస్తామని 2024 డిసెంబరులో ప్రభుత్వం ప్రకటించింది. అలాంటి దారికి జనం 20 ఏళ్ళు అడ్డూ అనుమతీ లేకుండా నడిచామన్న సాక్ష్యం పనికొస్తుంది. ఆ నడిచినవాళ్ళలో మన పేర్లూ ఉండాలి. ముఖ్యంగా, ఆరునెలల వీసా మీద వచ్చి సోఫాలో తెలుగు సీరియళ్ళ ముందు కూలబడే అమ్మానాన్నల్ని ఒక్కసారి చేలగట్టు ఎక్కించండి. వాళ్ళకి ఇంగ్లీషు రాకపోయినా చేను చదవడం వచ్చు.

తిరుగుదారిలో బీచ్ చెట్ల అడవి. ఒకప్పుడు హైవికమ్ కుర్చీల కాళ్ళు ఇలాంటి అడవుల్లోనే కూచుని చెక్కేవారు. చెట్లకింద నేలంతా నీలిపూలు. నేనే నెమ్మదిగా అన్నాను, "మన రెండు చాళ్ళూ వదిలేద్దాం నాన్నా."

"మనం వదిల్తే పక్కవాడు కలుపుకుంటాడు" అన్నారు వెంటనే.

నేనింకేమీ అనలేదు. అరమైలు పైగా మాటల్లేకుండా నడిచాం. స్టేషను కనపడే ముందు వచ్చిన గేటుని ఆయన దాటి, వెనక్కి తిరిగి జాగ్రత్తగా గొళ్ళెం వేసి అన్నారు: "ముందు సర్వేయర్ని పిలిపించాలి. రాళ్ళు పాతించాక, అందర్నీ కూచోబెట్టి అడగాలి. నువ్వుగూడా రా."

సంక్రాంతికి టిక్కెట్లు తీశాను.