సంఘమునకు ఎట్టి పటము కావలెను?

మన సంఘపు గదిలో కోటపటము నొకటి పెట్టవలెనని కొంతకాలముగా మాటలు జరుగుచున్నవి. ఫొటో తీయించి ఫ్లెక్సుపై పెద్దది చేయించిన చాలునని పెక్కుమంది అభిప్రాయము. రాగిరేకు అచ్చుపటము చేయింతమని మేము చెప్పగా, "అచ్చువేసిన దానికి అంత సొమ్మా?" అనిరి. న్యాయమైన ప్రశ్నయే. వర్తకులము గనుక మేమును మొదట అట్లే అడిగితిమి.

ఇది మన పత్రిక అచ్చు వంటిది కాదు. రాగిరేకుపై మైనము పూసి, సూదితో బొమ్మ గీచి, ఆమ్లమున ముంచెదరు. గీత పడినచోట ఆమ్లము లోహమును తినును. ఆ పల్లములలో సిరా నింపి, పైభాగము గుడ్డతో తుడిచి, తడికాగితము పరచి యంత్రమున గట్టిగా ఒత్తెదరు. ప్రతి కాగితమునకును మరల సిరా, మరల తుడుపు. రేకు అరుగును గనుక కొలది ప్రతులే తీసి, ఎన్నింటిలో ఎన్నవదో క్రింద వ్రాసి చిత్రకారుడు సంతకము చేయును. ఇంత నికరమైన లెక్క మా అంగళ్ళలోనే అరుదు!

1791లో కార్న్‌వాలిస్ సైన్యము మన కోటను పట్టుకొనెను. ఆ దండుతో తిరిగిన రాబర్ట్ హోమ్ బెంగుళూరు, సావనదుర్గము మొదలగు చోట్లను చిత్రించగా, వానిని రాగిరేకులపై చెక్కించి 1794లో గ్రంథముగా వెలువరించిరి. అవి దండెత్తి వచ్చినవారి పక్షమున చూచిన దృశ్యములు. ఇచ్చట కాపురమున్నవారి చూపుతో ఒకటైనను ఉండవలదా?

ఈ విద్య మనకు పరాయిదియు కాదు. చిత్తూరు సీమయందలి నందనూరులో 1925లో జన్మించిన కృష్ణారెడ్డి, పారిసులో హేటర్ కార్యశాలయందు పనిచేయుచు, చిక్కదనము వేరైన రంగులను మెత్తని, గట్టి రోలర్లతో ఒకే రేకుపై పరచి, ఒక్క ఒత్తుతో పెక్కు రంగులు తెచ్చు పద్ధతిని తీర్చిదిద్దెను. నీటిసుడిని చూపు ఆయన అచ్చు 1963 నాటిది. 2018లో గతించిన ఆ మహనీయుని పేరు మన పిల్లలలో ఎందరికి తెలియును?

2008లో విమానాశ్రయము తెరచినది మొదలు మన చుట్టుపట్ల నేల రూపు మారుచునే యున్నది. చన్నరాయపట్టణ హోబళిలో 1,777 ఎకరముల సేకరణను, రైతుల దీర్ఘపోరాటము పిమ్మట, 2025 జూలైలో ప్రభుత్వము విరమించెను. ద్రాక్షతోటలు, చకోతచెట్లు ఇంకను కంటికి కానవచ్చుచుండగనే, బురుజు, తోటలు, వెనుక నందికొండ గల పటము చేయించుట మేలు.

ఇరువది ప్రతులు తీయించి, ఒకటి సంఘమునకు ఉంచుకొని, ఒకటి ఊరి కన్నడ పాఠశాలకు ఇచ్చి, తక్కినవి సభ్యులకు విక్రయించినచో ఖర్చులో పెద్దభాగము తిరిగి వచ్చును. మొదటి ప్రతికి సొమ్ము మేమే కట్టెదము. సమ్మతించువారు రాబోవు సర్వసభ్య సమావేశమునకు ముందే తమ పేర్లు కార్యదర్శిగారికి తెలుపగలరు.