మెరుపు పనికి కూలెంత?

పాడేరు ఘాట్ దిగి మాడుగులలో కారాపినవాళ్లు హల్వా కొనకుండా కదలరు. గోధుమలు నానబెట్టి, పాలు తీసి, నెయ్యి పోస్తూ గంటలకొద్దీ కలిపితేగానీ ఆ రుచి రాదని తెలుసు కాబట్టి ధర దగ్గర పెద్దగా పేచీ ఉండదు. అదే కారుకి పాలిష్ పెట్టించాల్సి వస్తే మాత్రం... 'తుడవడానికి ఇంతా?' అనేస్తాం!

తుడవడానికైతే గుడ్డ చాలు. పాలిష్ వేరు. రంగు మీదుండే క్లియర్ కోట్ మందం చాలా కార్లకి 40-50 మైక్రాన్లే. తలవెంట్రుక కంటే పలచన. గీతలు పోగొట్టడమంటే ఆ పొరనే కొద్దికొద్దిగా అరగదీయడం. అంతకుముందు కడగాలి, అంటుకున్న తారు, ఇనుప రజను తీయాలి, రబ్బరు అంచులకి టేపు అతికించాలి. వేడెక్కిన బానెట్ మీద పాలిష్ పూస్తే మరకలు కడుతుంది, నీడలోనే చెయ్యాలి. మిషన్ అంచు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగిందా, పొర లేచిపోతుంది. ఇక ఆ భాగానికి మళ్లీ పెయింటే గతి. బాగా చేస్తే ఏమీ కనబడదు, చెడితేనే కనబడుతుంది (ఇంట్లో వంటలాగే!).

కనీస వేతనాల లెక్కల్లో నైపుణ్యం ఉన్నవారికి, లేనివారికి వేర్వేరు రేట్లుంటాయి. వాటర్ సర్వీసింగ్ షెడ్డులో మాత్రం నీళ్ల పైపు పట్టినా, పాలిష్ మిషన్ పట్టినా 'కుర్రాడే'. కూలీ కూడా ఆ పిలుపును బట్టే ఉంటే, చెయ్యి తిరిగేసరికి వేరే పని చూసుకుంటాడు. తర్వాత వచ్చిన కొత్తవాడు మీ బానెట్ మీదే నేర్చుకుంటాడు.

ఈసారి కారు తీసుకునేటప్పుడు ఎండలో పెట్టి చూడండి. సాలెగూడులాంటి సన్నగీతలు పోయుంటే, చేసిందెవరో అడిగి, ఆ మాట ఓనర్ ముందే అతనికి చెప్పండి. బేరంలో తగ్గించుకున్న వంద కూడా అతని చేతిలోనే పెట్టొచ్చు.