విహారయాత్రికుని ధర్మము

సెలవు దినములలో సముద్రతీరమున కేగి విశ్రాంతి పొందుట పలువురకు ప్రీతికరము. కాని తమకు విశ్రాంతి నిచ్చు ఊరు ఎవరి శ్రమచే నిలిచియున్నదో ఆలోచించువారు అరుదు. ఇటలీ దేశమునందలి వెర్నాజ్జా అను చిన్న ఊరు ఈ విషయమున మంచి పాఠము చెప్పుచున్నది.

ఇటలీ వాయవ్యభాగమున మధ్యధరా సముద్రపు టంచునుండి కొండలు నిటారుగా లేచియున్నవి. అచట ఐదు గ్రామములు కలవు. ఆ తీరమునకు ‘చింక్వె తెర్రె’ అని పేరు. ఐదు నేలలని దాని యర్థము. వానిలో వెర్నాజ్జా యొకటి. చిన్న రేవు, నీటి యొడ్డున పాత చర్చి, పైన కోటబురుజు, ఎరుపు పసుపు వన్నెల యిండ్లు - ఇంతియే ఆ యూరు. నివాసులు వేయిమందికి లోపు. 1874లో జెనోవా నుండి లా స్పెత్సియాకు రైలుమార్గము పూర్తియగువరకు పడవలును కొండదారులును వారికి ఆధారములు. నేడు ఆ రైలే ఏటేట లక్షలమంది యాత్రికులను ఆ తీరమున దింపుచున్నది.

ఆ యాత్రికులు చూచి మురియునది సముద్రమును మాత్రమే కాదు. కొండవాలున మెట్లుమెట్లుగా అమరిన ద్రాక్షతోటలను, ఓలివు చెట్లను, నిమ్మచెట్లను చూచి ప్రకృతిశోభ యని మెచ్చుకొందురు. నిజమునకు అది ప్రకృతి చేసిన పని కాదు. రైతులు శతాబ్దములుగా చేసిన పని. వారు సున్నము లేకయే రాతిపై రాయి పేర్చి గోడలు కట్టి, వాని వెనుక మన్ను నింపి మళ్ళు చేసిరి. వాననీరు రాళ్ళ సందులనుండి మెల్లగా జారిపోవును, మన్ను నిలుచును. అయితే ఏటేట రాళ్ళు సరిచేయు చేయి లేనిచో నీరు వెనుక నిలిచి గోడను త్రోయును. ఒక గోడ కూలిన దాని క్రింది గోడకును ముప్పు.

1997లో యునెస్కో ఈ తీరమును ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది. 1999లో ఇది జాతీయోద్యానమైనది. కాని బిరుదులు గోడలను నిలుపలేవు. కొండపై బరువు మోయుట కంటె క్రింద గది అద్దెకిచ్చుట సుకరము, లాభకరము. అందుచే పెక్కు మళ్ళు బీడుపడినవి. 2011 అక్టోబరు 25న కొలది గంటలలో కుంభవృష్టి కురిసినది. కొండచరియలు విరిగి, బురదయు రాళ్ళును వెర్నాజ్జా వీధిని ముంచెత్తినవి. ముగ్గురు మరణించిరి. అంతటి వానకు ఏ గోడయైనను పూర్తిగా అడ్డుపడజాలదు. అయినను సాగు విడిచిన మళ్ళు ఎక్కువగా జారినవని తరువాత పరిశీలించినవారు తేల్చిరి.

యాత్రికులే ఈ చెరుపునకు కారణము, వారిని రానీయరాదని కొందరందురు. ఇది సరికాదు. వారు తెచ్చు ధనమును ఆ యూరు మరల లేచుటకు తోడ్పడినది. యాత్రికులు వచ్చుటయే చాలును, ధనము తానే అన్నియు చక్కబరచునని మరికొందరందురు. ఇదియు సరికాదు. ఉదయము రైలు దిగి, రేవున ఛాయాచిత్రము తీసికొని, సాయంకాలము మరలిపోవువాని రాకవలన కొండమీది రైతునకు కలుగు మేలు స్వల్పము.

కావున యాత్రికుల సంఖ్య కంటె వారి నడవడి ముఖ్యము. రద్దీ లేని ఋతువున పోయి నాలుగు దినములు నిలుచువాడు, అచటి మళ్ళలో పండిన ఫలమును, అచటి జాలరి పట్టిన చేపను కొని తినువాడు, బాట విడిచి గోడలెక్కనివాడు ఆ యూరికి ఉపకారి. వరద తరువాత వెర్నాజ్జాలో కొందరు యాత్రికులు రైతులతో కలిసి గోడలు పేర్చిరి కూడ. వారి సెలవు వ్యర్థమైనదని ఎవరనగలరు?

తిన్నయింటి వాసములు లెక్కించువాడు కృతఘ్నుడని తెలుగు సామెత. ఆ వాసములు పుచ్చిపోవుచుండగా చూచియు చూడనట్లు లేచిపోవువాడు కూడ మంచి అతిథి కాజాలడు. అందమైన చోటును చూచుట సులభము. మరల వచ్చువారికి అది మిగిలియుండునట్లు మెలగుటయే విహారయాత్రికుని ధర్మము.