ఈనిన కుక్కను తరమకండి, పిల్లల్ని తల్లికి దూరం చేయకండి



చిత్తకార్తెలో ఎదకొచ్చిన కుక్కలు ధనుర్మాసంలో ఈనుతాయి. కడుపు మోసేది 63 రోజులు, కొద్ది రోజులు అటూ ఇటూ. అంటే ఏడాదిలో చలి ముదిరే రోజుల్లోనే మన మెట్ల కింద, ట్రాన్స్‌ఫార్మర్ వెనక, సగం కట్టిన ఇంటి ఇసుక కుప్పలో పిల్లలు పుడతాయి. పుట్టిన వారంలోపే వాటిలో చాలా పిల్లలు చచ్చిపోతున్నాయి. ఇందులో ఎక్కువ చావులు మనం తలుచుకుంటే ఆగేవే. అందుకే ఈ కరపత్రం.

పొట్ట వేలాడుతూ, చన్నులు బరువెక్కి ఒక కుక్క మీ గోడ వారన నేల గీరుతూ తిరుగుతోందంటే అది చోటు వెతుక్కుంటోందని అర్థం. నీళ్లు చల్లి తరిమితే ఈనడం మానదు, ఇంకా చలిచోటుకు, మురుగుకాలువ పక్కకు పోయి ఈనుతుంది. దాని బదులు గాలి తగలని మూల చూసి, రెండు ఇటుకల మీద పాత చెక్క వేసి, దాని మీద గోనెసంచి మడిచి పరవండి. దారాలు ఊడే పాత బట్టలు వద్దు, పిల్లల కాళ్లకు చుట్టుకుంటాయి. పక్కన నీళ్ల గిన్నె పెట్టి మీరు దూరంగా ఉండండి.

తిండి సంగతి. చాలామంది బిస్కెట్లు వేసి పుణ్యం వచ్చిందనుకుంటారు. కడుపులో ఐదారు పిల్లలున్న తల్లికి బిస్కెట్లేం సరిపోతాయి? ఉప్పూ కారం లేకుండా ఉడికించిన అన్నంలో గుడ్డు కలిపి పెట్టండి. కోడి కాళ్లు, కార్జం చికెన్ షాపులో చవగ్గా దొరుకుతాయి. ఉడికించి, కాళ్లలోని ఎముకలు తీసేసి పెట్టండి. బిరియానీ ఎముకలు మాత్రం వేయకండి. ఉడికిన ఎముక చీలికలై పేగుల్లో గుచ్చుకుంటుంది. ఈనాక మూడు నాలుగు వారాలకు పాలు బాగా పడే సమయంలో దానికి మామూలుకంటే రెండు మూడు రెట్లు తిండి కావాలి. అప్పుడు ఒక పూట కాదు, మూడు పూటలా పెట్టాలి. కడుపుతో ఉన్నప్పుడు బలమని కాల్షియం మాత్రలు మింగించకండి. అది ఈనాక చేటు చేస్తుంది. పాలిచ్చే కుక్క వణుకుతూ, కాళ్లు బిగుసుకుపోయి, రొప్పుతూ కనిపిస్తే ఒంట్లో కాల్షియం పడిపోయిందని అనుమానించండి. గంటలు లెక్కపెట్టకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

ఈనేటప్పుడు చుట్టూ గుమిగూడి ఫోన్లలో వీడియోలు తీయకండి. అరగంట గట్టిగా ముక్కుతున్నా పిల్ల రాకపోయినా, ఒక పిల్ల తర్వాత రెండు గంటలు గడిచి ఇంకా కడుపులో పిల్లలున్నట్టు తెలుస్తున్నా ఆలస్యం చేయొద్దు. దగ్గరి పశువుల ఆసుపత్రికి గానీ, సంచార పశువైద్య వాహనాల నంబరు 1962కు గానీ ఫోన్ చేయండి.

తల్లి పిల్లల్ని వదిలి పోయిందని మీరే నిర్ణయించకండి. అది నీళ్లకో, తిండికో పోయి ఉంటుంది. దూరం నుంచి రెండు మూడు గంటలు చూడండి. పిల్లలు కడుపు నిండి ఒకదానిమీద ఒకటి పడుకుని ఉంటే ముట్టుకోవద్దు.

తల్లి బండి కిందపడి పోయింది, లేదా తిరిగి రాలేదు. అప్పుడు పిల్లల్ని ఎత్తుకోండి. ఇక్కడ మనవాళ్లు చేసే పొరపాటు ఒక్కటే: జాలితో వెంటనే పాలు పోస్తారు. ముందు పాలు కాదు, వెచ్చదనం. మొదటి రెండు వారాలు కుక్కపిల్ల తన ఒంటి వేడిని తానే నిలుపుకోలేదు. మీ చిటికెన వేలు దాని నోట్లో పెట్టి చూడండి. నోరు చల్లగా ఉంటే పేగులు పనిచేయడం లేదన్నట్టే. ఆ స్థితిలో పోసిన పాలు అరగవు, ప్రాణం తీస్తాయి. పొడిబట్టతో తుడిచి, చొక్కా లోపల ఛాతీకి ఆనించుకోండి. వేడినీళ్ల సీసాను తువ్వాలులో చుట్టి అట్టపెట్టెలో ఒక పక్కన పెట్టండి. రెండో పక్క ఖాళీగా ఉంచండి, వేడెక్కువైతే జరగడానికి. గంటో రెండు గంటలో పట్టినా సరే, నెమ్మదిగానే వేడెక్కాలి.

నోరు వెచ్చబడి, వేలు చప్పరించడం మొదలుపెట్టాకే పాలు. ఆవు పాలు, గేదె పాలు, ప్యాకెట్ పాలు దానికి సరిపడవు. తల్లి కుక్క పాలలో మాంసకృత్తులూ కొవ్వూ ఆవు పాలలో ఉన్నదానికి రెట్టింపు పైగానే. అరగవని భయపడి ఆవు పాలలో నీళ్లు కలిపితే ఉన్న బలమూ పోతుంది, విరేచనాలూ పట్టుకుంటాయి. పెంపుడు జంతువుల షాపుల్లో కుక్కపిల్లల పాలపొడి దొరుకుతుంది, డబ్బా మీద రాసిన కొలత ప్రకారం గోరువెచ్చగా కలపండి. పిల్లను బోర్లా ఉంచి, తల కొంచెం ఎత్తి, సూది లేని సిరంజితో చుక్క చుక్కగా పట్టండి. మన పసిపిల్లల్లా వెల్లకిలా పడుకోబెట్టి పోస్తే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ముక్కులోంచి పాలు వస్తే ఆపేయండి. మొదటి వారం రెండు మూడు గంటలకోసారి, రాత్రిళ్లు కూడా పట్టాలి. ఒక్కరి వల్ల కాదు. రెండు మూడు ఇళ్లవాళ్లు వంతులు వేసుకోవాలి.

పాలు పట్టినంత మాత్రాన పని అయిపోదు. ఈ వయసు పిల్ల తనంతట తాను ఉచ్చ పోయలేదు, దొడ్డికీ పోలేదు. తల్లి నాకితేనే పోతుంది. కాబట్టి ప్రతిసారీ పాలకు ముందో తర్వాతో, గోరువెచ్చని నీళ్లలో ముంచి పిండిన దూదితో తోక కింద సున్నితంగా తుడుస్తూ ఉండండి. చుక్కలు పడేదాకా ఆగండి. మూడు వారాల దాకా ఇదే పని. రోజూ ఒకే వేళకు వంటింటి కాటాలో తూచి రాసుకోండి. బరువు రోజూ పెరగాలి, పది రోజులకల్లా పుట్టినప్పటికి రెట్టింపు కావాలి. ఒక్కరోజు తగ్గినా డాక్టరుకు చూపించండి. రెండు వారాలకు కళ్లు తెరుస్తాయి, అప్పుడే మొదటి నులిపురుగుల మందు. నాలుగో వారానికి మెత్తని తిండి. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదటి టీకా, మూడు నెలలకు రేబిస్ టీకా. టీకా పడని పిల్లల్ని పార్వో రోగం ఈతకు ఈత తుడిచిపెట్టేస్తుంది.

పిల్లలున్న తల్లి దగ్గరికి చిన్నపిల్లల్ని పంపకండి. ఎవరినైనా కరిస్తే 15 నిమిషాలు ధార నీళ్ల కింద సబ్బుతో కడిగి అదే రోజు ప్రభుత్వాసుపత్రికి వెళ్లి టీకా వేయించుకోవాలి. ఎక్కడపడితే అక్కడ తిండి పెట్టొద్దని, వార్డుల్లో అందుకు చోట్లు ఏర్పాటు చేయాలని 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ చోటేదో వార్డు ఆఫీసులో అందరం కలిసి అడుగుదాం. పిల్లల్ని వదిలి కదలలేని బాలింత కుక్కకు ఎవరైనా ఒప్పుకుంటే వాళ్ల గేటు లోపలే పెడదాం.

ఒక మాట కటువుగానే చెప్పాలి. ఆడ కుక్కపిల్లల్ని ఏరి సంచిలో కట్టి చెరువు గట్టున, చెత్తకుండీ దగ్గర వదిలి వస్తున్నారు. ఆ తల్లి చన్నులు గడ్డకట్టి రాత్రంతా వీధి వీధీ వెతుకుతుంది. జంతువును ఆకలిదప్పులకు వదిలేయడం 1960 నాటి జంతు క్రూరత్వ నిరోధక చట్టం 11వ సెక్షన్ కింద నేరం. విషం పెట్టినా, కొట్టి చంపినా భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు. సంఖ్య తగ్గాలంటే దారి అది కాదు. పిల్లలు పాలు మానగానే తల్లికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించాలి, లేకపోతే ఆరు నెలలకల్లా మళ్లీ ఎదకొస్తుంది. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం ఈ పని మున్సిపాలిటీది. ఆపరేషన్ అయ్యాక చెవి కొస కత్తిరించి తీసుకెళ్లిన చోటే వదలాలి. అడిగే వీధికే వాళ్ల బండి ముందు వస్తుంది. దరఖాస్తు రాసి పెట్టాం, మీ సంతకం కావాలి.

ఈ ఆదివారం పొద్దున్న ఎనిమిది గంటలకు మన వీధి మొదట్లో కలుద్దాం. ఇంటికో గోనెసంచి, ఉంటే ఒక అట్టపెట్టె తీసుకురండి. పాలపొడి డబ్బాకు చందా ఎంతైనా పర్లేదు. రాత్రి రెండు గంటల వంతుకు లేవగలిగిన వాళ్లు పేరు రాయించండి. ఆ వంతుకే మనుషులు తక్కువ పడుతున్నారు.

ఇట్లు,
మీ వీధివాళ్లం