పొగబండి నాణెము చేతులు మారవలెను

భారతీయ రైల్వేల నూటయేబదియేండ్ల పండుగకు గుర్తుగా 2003లో వెలువడిన రెండు రూపాయల నాణెమును చూచినవారికి, పదునొకండంచుల ఆ రాగి నికెలు బిళ్లపై ప్రధానముగా కానవచ్చినవి 1853 ఏప్రిల్ 16న బోరీబందరునుండి ఠాణాకు బండిని లాగిన ఆవిరియంత్రములు గావు. లాంతరు పట్టి నిలిచిన భోలూ అను గార్డు గున్నయేనుగు. ట్రెవిథిక్ 1804లో నడిపించిన ఆవిరియింజనును ఇంగ్లండువారు 2004లో తమ రెండు పౌండ్ల నాణెముపై వేయించుకొనిరి. మనము బాలలు మెచ్చు బొమ్మతో తృప్తి చెందితిమి. అయినను మన నాణెమునందొక గుణము గలదు: అది అంగడికెక్కినది, చిల్లరగా చేతులు మారినది. మరల పొగబండికి నాణెము వేయునప్పుడు ఈ గుణమును నిలుపుకొని, బొమ్మను మాత్రము మార్చవలెను.

ఏ బొమ్మ వేయవలెనో కదిరి పట్టణము చెప్పగలదు. 1876–78 నాటి ధాత కరవులో తిండిగింజలు చేరక, చేరినను కొనలేక జనులు నశించిన పిమ్మట, 1880 నాటి క్షామ విచారణ సంఘము కరవుసీమలకు రైలుమార్గములు వేయవలెనని సిఫారసు చేసెను. ఆ శతాబ్ది చివరి దశకమున పాకాల–ధర్మవరము మీటరుగేజి దారి కదిరి మీదుగా నడచినది. కాని కరవునెదిరింపవచ్చిన ఆ యంత్రమునకే దారిపొడుగునను నీరు కావలసియుండెను. వాన చాలని ఈ మెట్టసీమలో ఉప్పు సున్నముల పాలెక్కువైన బావినీరు బాయిలరులో కాగి కాగి గొట్టములకు పెచ్చుగట్టును. పెచ్చు వేడిని నీటికందనీయదు, బొగ్గు అధికముగా కాలును. కావుననే బాయిలరు కడుగుట షెడ్డువారికి తప్పని పనియై యుండెను. బండి నీళ్లకంబము క్రింద నిలువగానే టెండరుపైకెక్కి, తడిసి బరువెక్కిన తోలుగొట్టమును నీటితొట్టి మూతిలోనికి లాగి పట్టు ఫైర్‌మనును చూచినవారు, ఆవిరి యుగమనగా పొగయు కూతయు మాత్రమే కాదని యెరుగుదురు.

ఇక చేతులు మారుట మాట. 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి విడుదల చేసిన ఎన్టీఆర్ నూరు రూపాయల నాణెము, సగము వెండితో హైదరాబాదు టంకశాలలో తయారై, ముఖవిలువకు ఎన్నో రెట్ల ధరకు అమ్ముడుపోయి పెట్టెలలో భద్రమైనది. సేకరణకర్తలను తప్పుపట్టరాదు, అరగని ప్రతులు వారియొద్ద నుండుట చరిత్రకు మేలే, టంకశాలకు రాబడియే. కాని రైలు, వేరుసెనగ కూలి డబ్బులతో టిక్కెట్టు కొన్నవారు కూడ ఎక్కిన బండి. దాని స్మృతి వెండి కొనగలవారికే దక్కుట న్యాయము కాదు.

రెండువందల యేండ్లు నిండు 2053 వరకు వేచియుండ నక్కరలేదు. ఫోను చెల్లింపులు పెరిగి చిల్లర తరిగిపోవుచున్న కాలము గనుక, నాణెము అంగడిలో తిరుగుచుండగనే ఈ పని జరుగవలెను. నీళ్లకంబమును, ఫైర్‌మనును ముద్రించిన పది రూపాయల నాణెమును లక్షలకొలది విడుదల చేయుదురుగాక. వెండిప్రతులను కోరినవారికి వేరుగా అమ్ముదురుగాక. కదిరి నరసింహుని తేరునాడు దవనము, మిరియములు అమ్మువారి గల్లాలోనికి కూడ చేరినప్పుడే స్మారకమను పేరు ఆ నాణెమునకు చెల్లును.